హెచ్700 చిప్ మీద పీఎస్పీ: ఏ గేమ్ ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది

ఆల్‌విన్నర్ హెచ్700 చిప్‌తో, చేతిలో పట్టే గేమింగ్ పరికరాలు ఇప్పుడు చాలా వస్తున్నాయి. నాలుగు కార్టెక్స్-ఏ53 కోర్లు, 1.5 గిగాహెర్ట్జ్ వేగం, మాలి-జీ31 గ్రాఫిక్స్, 1 జీబీ ర్యామ్, 3.5 అంగుళాల 640×480 తెర. మా బావ ఆన్‌లైన్‌లో అలాంటిదే ఒకటి కొన్నాడు. అమ్మినవాళ్ళు ఇచ్చిన కన్సోళ్ళ జాబితాలో పీఎస్పీ, అంటే సోనీ వాళ్ళ ప్లేస్టేషన్ పోర్టబుల్ కూడా ఉంది. బావ కాలేజీ రోజుల్లో ఆడిన పీఎస్పీ, దాని యూఎండీ డిస్కులు, కొన్ని ప్లేస్టేషన్ 1 డిస్కులు ఇంకా ఇంట్లోనే ఉన్నాయి. అవన్నీ ఒకే పరికరంలో పెట్టుకుని ఆడుకోవాలని, కొడుక్కి కూడా చూపించాలని ఆయన కోరిక.

ముందుగా పెట్టింది 2008లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్: చెయిన్స్ ఆఫ్ ఒలింపస్. బొమ్మ ఈడ్చుకుంటూ నడిచింది, సౌండ్ గరగరలాడింది. నేను ఎంబెడెడ్ లినక్స్ మీద పనిచేస్తాను, తెలిసినవాళ్ళకు ఇలాంటి పరికరాలు సెట్ చేసి పెట్టడం చాలాకాలంగా అలవాటు. అందుకని పరికరం నా దగ్గరికి వచ్చింది. సెలవులకు వచ్చిన మేనల్లుడు పక్కనే కూర్చుని మొదటి ప్రశ్న వేశాడు: "మామయ్యా, పీఎస్పీ 333 మెగాహెర్ట్జే కదా, ఇది 1500. పైగా నాలుగు కోర్లు. మరి ఎందుకు లాగట్లేదు?"

చాలామంది అడిగే ప్రశ్నే ఇది. జవాబు కాస్త లోపలికి వెళ్ళి చెప్పుకోవాలి.

నాలుగున్నర రెట్లు ఎక్కడికి పోయాయి

పీఎస్పీలో ఉన్నది మిప్స్ జాతి ప్రాసెసర్. మన చిప్ ఆర్మ్ జాతిది. రెండింటి ఆదేశాల భాష వేరు, కాబట్టి గేమ్ కోడ్‌లోని ఒక్క ఆదేశం కూడా నేరుగా నడవదు. పీపీఎస్ఎస్పీపీ అనే ఎమ్యులేటర్ (పీఎస్పీని అనుకరించే ప్రోగ్రామ్) ఆ కోడ్‌ను ముక్కలు ముక్కలుగా ఆర్మ్ కోడ్‌లోకి మార్చి, మార్చినదాన్ని దాచుకుని, మళ్ళీ అవసరమైనప్పుడు అదే వాడుతుంది. దీన్ని జిట్ అంటారు, డైనారెక్ అని కూడా అంటారు. ప్రతిసారీ కొత్తగా చదివి నడిపే ఇంటర్‌ప్రెటర్ కంటే ఇది ఎన్నో రెట్లు మేలు. అయినా ఒక మిప్స్ ఆదేశానికి చాలాచోట్ల రెండు మూడు ఆర్మ్ ఆదేశాలు పడతాయి. మెమరీని తాకే ప్రతిచోటా పీఎస్పీ అడ్రసును మన అడ్రసుగా మార్చాలి. ప్రతి ముక్క చివర ఎన్ని సైకిళ్ళు గడిచాయో లెక్కపెట్టి, ఇంటరప్ట్, అంటే నడుస్తున్న పనిని ఆపి పిలిచే సంకేతం, రావాల్సిన సమయం అయిందా అని చూడాలి. గేమ్ దృష్టిలో ఈ పనులేవీ లేవు. మన కోర్ మాత్రం అన్నీ చేయాలి.

దీనికి తోడు పీఎస్పీలో వీఎఫ్‌పీయూ అనే లెక్కల విభాగం ఉంది. అందులో 128 రిజిస్టర్లు, ఎనిమిది 4×4 మ్యాట్రిక్స్‌లుగా అమరి ఉంటాయి. ఒకే మ్యాట్రిక్స్‌ను అడ్డు వరుసలుగానూ, నిలువు వరుసలుగానూ చదవొచ్చు. రెండు మ్యాట్రిక్స్‌ల గుణకారం అక్కడ ఒక్క ఆదేశం. ఆర్మ్‌లో ఇలాంటి లెక్కలు చేసే నియాన్ అనే విభాగంలో అంత సౌకర్యం లేదు. నిలువు వరుస కావాలంటే విలువలను ముందు అటూ ఇటూ సర్దాలి, తర్వాత గుణించాలి. త్రీడీ బొమ్మలు గీసే గేములు ఈ పని క్షణానికి వేలసార్లు చేస్తాయి.

ఇక నాలుగు కోర్ల సంగతి. పీఎస్పీ గేమ్ కోడ్ ఒక వరుసలో నడిచేది. తర్వాతి ఆదేశం ముందు ఆదేశం ఫలితం మీద ఆధారపడుతుంది. ఆ పనిని నాలుగు ముక్కలు చేసి నలుగురికి పంచడం కుదరదు. సౌండు, గ్రాఫిక్స్ డ్రైవరు, ఎస్‌డీ కార్డు చదవడం వేరే కోర్లకు ఇవ్వొచ్చు. అసలు బరువు మాత్రం ఒక్క కోర్ మీదే పడుతుంది. ఆ ఒక్క కోర్ కూడా ఏ53. ఆర్మ్ కంపెనీ 2012లో ప్రకటించిన డిజైన్ అది. కరెంటు తక్కువ తాగాలని ఆదేశాలను వచ్చిన వరుసలోనే నడిపేలా కట్టారు. మెమరీ నుంచి ఒక విలువ రావడం ఆలస్యమైతే వెనకున్నవన్నీ ఆగుతాయి. ఏ72, ఏ75 లాంటి పెద్ద కోర్లు ఆ విరామంలో వెనక ఉన్న వేరే ఆదేశాలు పూర్తి చేసుకుంటాయి. అందుకే మెగాహెర్ట్జ్ అంకె ఒకటే అయినా ఏ53, ఏ75 ఒకే పని చేయవు.

పాత కన్సోల్ అయితే తేలిక అనుకోవడం కూడా సరికాదు. బైయూ పేరుతో తెలిసిన ప్రోగ్రామర్, బీఎస్ఎన్ఈఎస్ అనే సూపర్ నింటెండో ఎమ్యులేటర్ సృష్టికర్త, 2011లో ఇదే విషయం వివరంగా రాశారు: 3.58 మెగాహెర్ట్జ్ సూపర్ నింటెండోను ఉన్నదున్నట్టు, ఏ చిన్న తేడా లేకుండా అనుకరించాలంటే 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ కావాలని. చిన్న పరికరాల్లో ఆ స్థాయి నిక్కచ్చితనం ఉండదు. వాటిలో వాడే ఎస్ఎన్ఈఎస్9ఎక్స్ అనే ఎమ్యులేటర్ కొన్ని సూక్ష్మమైన టైమింగులను వదిలేస్తుంది, అందుకే ఇంత చిన్న చిప్ మీద హాయిగా నడుస్తుంది.

సెట్టింగులు ముట్టకముందు కొలత

చాలామంది నేరుగా సెట్టింగుల్లోకి వెళ్ళి, ఎవరో చెప్పిన పది ఆప్షన్లు ఒకేసారి మార్చేస్తారు. తర్వాత ఏది పనిచేసిందో, ఏది పాడుచేసిందో తెలియదు. నేను ముందు అడ్డంకి ఎక్కడుందో పట్టుకుంటాను. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 16.67 మిల్లీసెకన్లు. గేమ్ లెక్కలు, బొమ్మ గీయడం, సౌండు అన్నీ ఆ లోపలే అయిపోవాలి. ఏది ఆ గీత దాటుతోందన్నదే ప్రశ్న.

కంప్యూటర్ నుంచి ఎస్ఎస్‌హెచ్ ద్వారా పరికరంలోకి వెళ్ళి మూడు విషయాలు చూశాను. థర్మల్ ఫైల్‌లో ఉష్ణోగ్రత, స్కేలింగ్ ఫైల్‌లో కోర్ నడుస్తున్న అసలు వేగం, టాప్ కమాండ్‌లో త్రెడ్‌లవారీ (ప్రోగ్రామ్‌లో విడివిడిగా నడిచే పనులవారీ) వాడకం. వేసవి కాబట్టి వేడి మీద మొదటి అనుమానం వచ్చింది, కానీ చిప్ వేగం తగ్గించుకోలేదు, 1.5 గిగాహెర్ట్జ్ దగ్గరే నిలిచింది. వేడి కారణం కాదని తేలిపోయింది. త్రెడ్‌ల జాబితాలో ఒకటి మాత్రం ఒక కోర్‌ను పూర్తిగా నింపేసింది, మిగతా కోర్లకు బోలెడంత ఖాళీ ఉంది.

ఆ తర్వాత వాడేది నాకు బాగా నచ్చిన పరీక్ష. పీపీఎస్ఎస్పీపీలో 1ఎక్స్ రిజల్యూషన్ అంటే పీఎస్పీ సొంత 480×272. దాన్ని కావాలనే 2ఎక్స్‌కు పెంచుతాను. గీయాల్సిన పిక్సెళ్ళు నాలుగు రెట్లవుతాయి. అప్పుడు వేగం ఇంకా పడిపోతే గ్రాఫిక్స్ వైపు అడ్డంకి ఉన్నట్టు. పెంచినా వేగం దాదాపు అక్కడే ఉంటే, గ్రాఫిక్స్ చిప్ అప్పటికే ఖాళీగా ఎదురుచూస్తోందన్నమాట. అప్పుడు దోషం ప్రాసెసర్ వైపు. గాడ్ ఆఫ్ వార్‌లో 2ఎక్స్ చేసినా వేగం పెద్దగా మారలేదు.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. పీపీఎస్ఎస్పీపీ తెర మూలలో రెండు అంకెలు చూపిస్తుంది: ఎఫ్‌పీఎస్, అంటే గేమ్ సెకనుకు గీసే ఫ్రేములు; వీపీఎస్, అంటే అనుకరించే పీఎస్పీ తెర సెకనుకు ఎన్నిసార్లు రిఫ్రెష్ అవుతోందో. చాలా పీఎస్పీ గేములు సెకనుకు 30 ఫ్రేములే గీస్తాయి, అవి తయారైంది అలాగే. ఎఫ్‌పీఎస్ 30 చూసి కంగారుపడి సెట్టింగులు తగ్గించేవాళ్ళు ఉంటారు. చూడాల్సింది వీపీఎస్. అది 60 దగ్గర నిలిస్తే గేమ్ పూర్తి వేగంతో నడుస్తున్నట్టే. అది 45కి పడితే గేమ్‌లోని కాలమే నాలుగింట మూడొంతులకు మందగించినట్టు. సౌండ్ గరగర మొదలయ్యేది కూడా అక్కడే, సౌండ్ కార్డు అడిగిన సమయానికి ఇవ్వడానికి ఎమ్యులేటర్ దగ్గర డేటా తయారై ఉండదు.

గాడ్ ఆఫ్ వార్

ఈ గేమ్ ఎందుకింత బరువో దాని చరిత్రలోనే ఉంది. పీఎస్పీ ప్రాసెసర్ 333 మెగాహెర్ట్జ్ వరకు వెళ్ళగలిగినా, మొదట్లో సోనీ గేములను 222కే పరిమితం చేసింది. బ్యాటరీ ఎక్కువసేపు నిలవాలని. 2007లో 3.50 ఫర్మ్‌వేర్‌తో ఆ పరిమితి తీసేశారు. మరుసటి ఏడాది వచ్చిన చెయిన్స్ ఆఫ్ ఒలింపస్ ఆ పూర్తి వేగాన్ని వాడుకుంది. అంటే పీఎస్పీ కూడా ఆయాసపడే గేమ్ ఇది. దాని మీద అనువాదం బరువు కూడా మోయాలంటే ఏ53 వల్ల కాలేదు.

మొదటి ఘట్టమే అటికా నగరం మీద పర్షియన్ల దాడి. సైనికులు, మంటలు, తెర నిండా బసిలిస్క్ అనే రాక్షస జంతువు. వేగం పడిపోయేది సరిగ్గా అక్కడ. ఇరుకు కారిడార్లలోకి వెళ్తే కాస్త తేరుకుంటుంది. మెనూ దగ్గరైతే పూర్తి వేగం చూపిస్తుంది. చాలామంది చేసే పరీక్ష మెనూ, మొదటి గది దాటదు. అక్కడ వచ్చిన అంకెలతో ఈ చిప్ మీద ఈ గేమ్ నడుస్తుందని రాసేస్తారు. నా దృష్టిలో సగటు వేగం పనికిరాని లెక్క. ఆడేవాడికి గుర్తుండేది ఫైట్ మధ్యలో ఆగిన ఆ క్షణం, కాబట్టి కొలవాల్సింది అత్యంత బరువైన ఘట్టం.

ఫ్రేమ్‌స్కిప్, అంటే కొన్ని ఫ్రేములు గీయకుండా వదిలేసే ఆప్షన్, పెట్టి చూశాను. అది గీసే పనిని మాత్రమే తగ్గిస్తుంది, గేమ్ లెక్కలు ఒక్కటీ తగ్గవు. ప్రాసెసర్ దగ్గర ఇరుక్కున్న గేముకు దానివల్ల వచ్చేది కొంచెమే. తర్వాత ఎమ్యులేటర్‌లో పీఎస్పీ క్లాక్‌ను 222కు దించాను. అప్పుడు గేమ్ తాను నెమ్మది మెషీన్ మీద ఉన్నాననుకుని తక్కువ ఫ్రేములు తయారుచేస్తుంది, మన కోర్ మీద భారం తగ్గుతుంది. కారిడార్లలో సౌండ్ శుభ్రపడింది. అటికాలో మాత్రం ఫ్రేములు మరీ తగ్గి కదలిక ముక్కలు ముక్కలైంది.

చివరి అస్త్రంగా జనం వాడేది బఫర్ ఎఫెక్ట్స్ వదిలేసే ఆప్షన్. ఇక్కడ కొంచెం ఆగాలి, దీని వెనక ఉన్న సంగతి తెలుసుకోదగ్గది. పీఎస్పీలో 2 ఎంబీ వీడియో మెమరీ గ్రాఫిక్స్ చిప్‌లోనే ఉంటుంది. గేములు గీసిన బొమ్మనే వెంటనే టెక్స్చర్‌గా (పైన అతికించే బొమ్మగా) తీసుకుని మసక, మెరుపు లాంటివి దానిమీద అద్దుతాయి. పీఎస్పీకి అది చాలా చవక పని. మాలి చిప్ పద్ధతి వేరు. తెరను చిన్న చిన్న టైళ్ళుగా చేసుకుని ఒక్కొక్కటీ లోపలి మెమరీలో పూర్తిచేసి బయటికి రాస్తుంది. గేమ్ మధ్యలో ఇంకో బఫర్‌కు మారినప్పుడల్లా అన్నీ మెయిన్ మెమరీకి రాసి, మళ్ళీ చదువుకోవాలి. ఆ మెమరీ ప్రాసెసర్‌కు కూడా ఉమ్మడి ఆస్తే. అందుకే ఈ ఆప్షన్ పెడితే చాలా గేములు తేలికపడతాయి, కానీ గేమ్ గీయమన్న బొమ్మ మారిపోతుంది. ఎఫెక్టులు పోతాయి, కొన్ని గేముల్లో తెరే నల్లబడుతుంది. అలా నడిపించి, గేమ్ నడిచిందని చెప్పడం నాకు ఇష్టం లేదు. తయారుచేసినవాళ్ళు ఎంత శ్రమపడి ఆ వెలుగు, ఆ పొగ పెట్టారో, అవి లేకుండా చూపిస్తే ఆ గేమ్ చూపించినట్టు కాదు.

కాబట్టి ఈ చిప్ మీద గాడ్ ఆఫ్ వార్ వద్దు అనేశాను.

నడిచినవి, నడిచీ ఇబ్బంది పెట్టినవి

2004 చివర పీఎస్పీతోపాటు వచ్చిన లూమినెస్ ఏ మార్పూ లేకుండా పూర్తి వేగంతో నడిచింది. కొత్త ఎఫెక్ట్ మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం రెప్పపాటు ఆగేది. అది షేడర్ (ఆ ఎఫెక్ట్‌ను గీసే చిన్న గ్రాఫిక్స్ ప్రోగ్రామ్) కంపైల్ అయ్యే సమయం. ఒకసారి కంపైల్ అయ్యాక ఎస్‌డీ కార్డులో దాచుకుంటుంది, రెండోసారి రాదు. ఇంకో చిన్న వణుకు గవర్నర్ వల్ల, అంటే లినక్స్‌లో కోర్ వేగాన్ని నియంత్రించే భాగం వల్ల. గేమ్ తేలికగా ఉన్నప్పుడు లినక్స్ కోర్ వేగం తగ్గించేస్తుంది, అకస్మాత్తుగా బరువైన ఫ్రేమ్ వస్తే మళ్ళీ వేగం పెరిగేలోపు ఒకటి రెండు ఫ్రేములు జారిపోతాయి. గవర్నర్‌ను పెర్ఫార్మెన్స్‌కు మార్చితే పోయింది. బ్యాటరీ కొంత ముందు అయిపోతుంది.

రిడ్జ్ రేసర్ పీఎస్పీలో సెకనుకు 60 ఫ్రేములు గీసే గేమ్, అంటే 30 ఫ్రేముల గేముతో పోలిస్తే గీసే పని రెట్టింపు. ఒక ఫ్రేమ్ వదిలి ఒక ఫ్రేమ్ గీయిస్తే వేగం పూర్తిగా అందింది, సౌండ్ నిలకడగా వచ్చింది. కానీ పాత పీఎస్పీలో ఉన్న ఆ నున్నని కదలిక లేదు. పక్కపక్కన పెట్టి చూపిస్తే బావ వెంటనే పట్టేశాడు, మేనల్లుడికి తేడా తెలియలేదు. అది ఉంచుకోవాలా వద్దా అన్నది ఆడేవాళ్ళ ఇష్టానికి వదిలేశాను.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది 2007 నాటి పాటాపాన్. టూడీ బొమ్మలు, తేలికైన గేమ్, అంకెలన్నీ పూర్తి వేగమే. అయినా బావ నొక్కిన తాళం తప్పుతూనే ఉంది. డప్పు దరువుకు సరిగ్గా బటన్ నొక్కితేనే సైన్యం కదిలే గేమ్ అది. ఎమ్యులేటర్ సౌండును కొంచెం ముందుగానే బఫర్‌లో పోగేసుకుంటుంది, ఎక్కడైనా ఒక ఫ్రేమ్ ఆలస్యమైనా గరగర రాకుండా. ఆ పోగు ఎంత పెద్దదైతే దరువు చెవికి అంత ఆలస్యంగా చేరుతుంది. బావ వింటున్న దరువు గేమ్ ఎప్పుడో దాటేసినది. బఫర్ తగ్గించి, బ్లూటూత్ ఇయర్‌ఫోన్ తీసేసి వైరు ఇయర్‌ఫోన్ పెట్టాక తాళం కుదిరింది. ఇదే తగ్గింపు రిడ్జ్ రేసర్‌కు చేస్తే గరగర మొదలైంది, అందుకే గేమువారీ సెట్టింగ్‌గా దాచాను. వేగం ఉన్నా సరిపోని గేములు ఉంటాయనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ప్లేస్టేషన్ 1 డిస్కులు, 50 హెర్ట్జ్ చిక్కు

1994 నాటి ప్లేస్టేషన్‌లో ప్రాసెసర్ 33.87 మెగాహెర్ట్జ్. పీసీఎస్ఎక్స్ రీఆర్మ్‌డ్ అనే ఎమ్యులేటర్ ఆర్మ్ కోసమే చెక్కినది, ఈ చిప్‌కు అది నల్లేరు మీద నడక. 320×240లో గీసే గేములు 640×480 తెర మీద సరిగ్గా రెండింతలై కూర్చుంటాయి, ఒక పిక్సెల్ కూడా వంకరపోదు. బొమ్మను ఇంకా పదునుగా చేసే పెంపు ఆప్షన్ ఈ తెర మీద అనవసరం.

కానీ గ్రాన్ టూరిస్మో డిస్క్ పెట్టినప్పుడు కారు సాఫీగా కదలకుండా సన్నగా తడబడింది. కొలిస్తే ప్రాసెసర్ సగం ఖాళీ. డిస్క్ మీద కోడ్ ఎస్‌సీఈఎస్‌తో మొదలైంది, అంటే యూరప్ విడుదల. మన పాత టీవీల్లాగే అప్పట్లో అక్కడా పాల్ పద్ధతి, తెర మీద బొమ్మ సెకనుకు సుమారు 50 సార్లు మారుతుంది. ఈ పరికరం తెర మాత్రం 60 దగ్గర బిగించి ఉంది. ఐదు ఫ్రేములను ఆరు రిఫ్రెష్‌లలో సర్దాలంటే ప్రతి ఐదింటిలో ఒక ఫ్రేము రెండుసార్లు కనిపించాలి, అంటే సెకనుకు పదిసార్లు తడబాటు. రీజియన్‌ను బలవంతంగా అమెరికాకు మారిస్తే గేమ్ ఐదో వంతు వేగంగా పరిగెడుతుంది, ల్యాప్ టైములు అబద్ధమవుతాయి. రిఫ్రెష్ రేటు మార్చుకునే తెర ఉన్న పరికరంలో అయితే ఈ బాధ ఉండదు. ఇక్కడ ఉన్నదున్నట్టే వదిలేశాను.

మేనల్లుడు నింటెండో 64 గురించి అడిగాడు, జాబితాలో అదీ ఉందిగా అని. మన దగ్గర కార్ట్రిడ్జ్‌లు లేవు కాబట్టి పెట్టలేదు. విషయం మాత్రం చెప్పాను. దాని ప్రాసెసర్ 93.75 మెగాహెర్ట్జే, పీఎస్పీ కంటే ఎనిమిదేళ్ళు పాతది. అయినా దాని గ్రాఫిక్స్ భాగం మైక్రోకోడ్‌తో, అంటే గేమ్ తనతో తెచ్చే చిన్న ప్రోగ్రామ్‌తో నడుస్తుంది, కొన్ని కంపెనీలు సొంత మైక్రోకోడ్ రాసుకున్నాయి. మామూలు మైక్రోకోడ్‌కు ఎమ్యులేటర్ దగ్గర దగ్గరిదారి ఉంటుంది. సొంతంగా రాసినవాటికి ఒక్కో ఆదేశమూ అనుకరించాల్సి రావచ్చు, చిన్న చిప్‌కు అది తలకు మించిన పని. సెగా శాటర్న్ కూడా ప్లేస్టేషన్ వచ్చిన ఏడాదే వచ్చింది, కానీ అందులో రెండు ఎస్‌హెచ్-2 ప్రాసెసర్లు, రెండు వీడియో చిప్‌లు, ఇంకా సౌండుకు వేరే ప్రాసెసర్ అన్నీ ఒకదానితో ఒకటి తాళం కలపాలి. వచ్చిన సంవత్సరం చూసి కష్టాన్ని అంచనా వేయలేం.

తెర

ఏ సెట్టింగూ మార్చలేనిది ఇదే. పీఎస్పీ బొమ్మ 16:9, ఈ తెర 4:3. వెడల్పు నిండేలా పెడితే 640×363 అవుతుంది, పైనా కిందా నల్ల పట్టీలు. పెంపు 1.33 రెట్లు, పూర్ణ సంఖ్య కాదు, కాబట్టి అక్షరాల అంచులు కొన్ని మందంగా, కొన్ని సన్నగా వస్తాయి. అసలు పీఎస్పీ తెర 4.3 అంగుళాలు. ఇక్కడ అదే బొమ్మ దాదాపు నాలుగింట మూడొంతుల వెడల్పులో ఇమడాలి. నలభై దాటిన బావ సంభాషణల గేములో అక్షరాలు చదవడానికి పరికరాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. వేగం లెక్కలు వేసేవాళ్ళు దీన్ని రాయరు, కానీ రోజూ ఆడేవాళ్ళకు ఇది ఫ్రేములకన్నా ముందు తెలుస్తుంది.

అప్పగించింది

పరికరంలో ప్లేస్టేషన్ 1 డిస్కులన్నీ సీహెచ్‌డీ (కుదించిన డిస్క్ కాపీ) ఫైళ్ళుగా, పీఎస్పీ నుంచి లూమినెస్, పాటాపాన్, రిడ్జ్ రేసర్ పెట్టి, ఒక్కోదానికి దాని సెట్టింగ్ దాచి ఇచ్చాను. పరికరంతో వచ్చిన కార్డును తీసి పక్కనపెట్టి, నమ్మకమైన కొత్త కార్డులో సేవ్ ఫైళ్ళు ఉంచాను. యూఎండీలను కాపీ చేసింది బావ పాత పీఎస్పీతోనే. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయినా ఛార్జర్ మీద నడిచింది. చదివే లెన్స్ ఇంకా బాగుందని అప్పుడే తెలిసింది. దానికి కొత్త బ్యాటరీ వేయించమన్నాను, మెమరీ స్టిక్ బదులు మైక్రోఎస్‌డీ అడాప్టర్ పెట్టాను. గాడ్ ఆఫ్ వార్ అందులోనే ఆడుతున్నాడు.

ఇంకొంచెం పెద్దది కొందామా అని తర్వాత అడిగాడు. యూనిసాక్ టీ618 ఉన్నవాటిలో రెండు ఏ75 కోర్లు ఉంటాయి, ఆ ఒక్క బరువైన త్రెడ్‌కు కావాల్సింది అవే అని చెప్పాను. కొనేముందు ఎవరైనా ఆడుతున్న వీడియో చూడమన్నాను: మెనూ కాదు, అటికా ఘట్టం, అదీ తెర మూలలో వీపీఎస్ అంకె కనబడేది.